ముండ్లపొదల విలువ

ముండ్లపొదలు బలిసిన బీటిని జూచినప్పుడు మన నోట వచ్చు మాట "పనికిరాని నేల" యనియే. లెక్కలలో బంజరని వ్రాసికొనుటయు నిట్టిదే. ఈ మాట యెంతవరకు న్యాయమో విచారింపవలసియున్నదని మేము తలంచుచున్నాము.

భోగినాడు బిడ్డల తలపై బోయు రేగుపండ్లు సహజముగా నే నేలలోనివి? తెలంగాణమున బతుకమ్మకు బంగారువన్నె దెచ్చు తంగేడుపూవు నెవరు నాటిరి? "బ్రతికియుండిన బలుసాకు తినవచ్చు"నన్న పెద్దల మాట, కఱవుకాలమున నీ పొదలే దిక్కయినవని తెలుపుటలేదా? వేసవిలో గడ్డి మాడిపోయినను, లోతునకు దిగిన వేళ్ల బలమున పొదలు పచ్చగా నుండి మేకలకు మేత యగును. వానలకు మన్ను కొట్టుకొనిపోకుండ పట్టియుంచునవియు నా వేళ్లే.

ఈ పొదలనే నమ్ముకొన్న యొక పక్షి కథ వినుడు. కలివిపొదల నడుమ దిరుగుటచే దానిని కలివికోడి యందురు. 1900 తరువాత నెవ్వరికిని గానరాకపోవుటచే నది నశించినదనియే శాస్త్రజ్ఞు లెంచిరి. 1986 జనవరిలో కడపజిల్లా లంకమల కొండలచెంత, స్థానికుల సాయమున, బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారికి మరల దొరకినది. 1988లో నచ్చట శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. పిమ్మట దాని నెలవులను గాపాడుటకై తెలుగుగంగ కాలువ దారినే మార్చవలసివచ్చెను.

ఆ పక్షికి వలసినది మహారణ్యము కాదు. పొదలును, వాని నడుమ నక్కడక్కడ వట్టినేలయును. పొదలను పెల్లగించి పొలము చేసిన దానికి నిలువనీడ లేదు. పొదలు సందులేక గ్రమ్మినను సంచరింప వీలులేదు. మేకలు మితముగా మేసిన నా సందులు నిలుచును. మితిమీరిన పొదలే యుండవు. కావున బీటిని గాపాడుట యనగా మేకలకాపరిని వెడలగొట్టుట కాదు.

బీడు పోయినచో మొదట నష్టపడునది సెంటుభూమియైన లేక, నాలుగు మేకలతో సంసార మీడ్చు పేదయిల్లాలు. ఆమె కాధారమైన నేల నెవరికైన నిచ్చునప్పుడు, గ్రామసభలో నామె మాటయు వినవలదా?

వంటచెఱకునకు కొమ్మను గొట్టుడు, వేరును విడువుడు. పండ్లు గోయుడు, కొన్ని పిట్టలకు నుంచుడు. పచ్చదనము పేర సందులేకుండ పెద్దచెట్లు నాటుటయు నచ్చట మేలుగాదు. ముఖ్యముగా, మన బిడ్డలకు ఆ పొదల పేర్లు నేర్పుదము. పేరెఱిగిన చెట్టును పనికిరానిదని యెవరును నఱకరు.