బొమ్మ మోచేయి ఎటు వంగాలి?

అసెంబ్లీ లైను ఇంకా కట్టకముందే, అక్కడ పనిచేయబోయే మనిషికి చేయి అందుతుందా, నడుము పట్టేస్తుందా అని కంప్యూటర్లో చూసుకోవచ్చు. అందుకు ఒక డిజిటల్ మనిషిని ఆ పనిలో నిలబెడతారు. 1960ల్లోనే బోయింగ్‌లో విలియం ఫెట్టర్ కాక్‌పిట్‌లో పైలట్ చేయి ఎంతదూరం అందుతుందో చూడటానికి గీతల మనిషిని రూపొందించాడు. ఇప్పటికీ పేరున్న జాక్ సాఫ్ట్‌వేర్ 1980ల్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో నార్మన్ బాడ్లర్ బృందం దగ్గర పుట్టింది.

మరి ఆ బొమ్మ చేత పెట్టె ఎత్తించడం ఎందుకంత తంటా? చేతిని తీసుకెళ్లి పెట్టెకు తగిలిస్తే చాలదా?

చాలదు. మీ అరచేతిని బల్లమీద ఆనించి, భుజాన్నీ అరచేతినీ కదపకుండా మోచేతిని పైకీ కిందికీ ఆడించండి. ఆడుతుంది కదా! భుజానికి మూడు కదలికలు, మోచేతికి ఒకటి, ముంజేతి మెలికకు ఒకటి, మణికట్టుకు రెండు, మొత్తం ఏడు. అరచేయి ఏ చోట, ఏ వాలులో ఉండాలో చెప్పడానికి ఆరు అంకెలు సరిపోతాయి. మిగిలిపోయిన ఆ ఒక్కటే గొడవంతా. అరచేయి చోటును బట్టి కీళ్ల కోణాలను వెనక్కి లెక్కగట్టడం సాఫ్ట్‌వేర్‌కు వచ్చు గానీ, ఆ లెక్కకు జవాబులు లెక్కలేనన్ని. మోచేయి పక్కకు భుజం ఎత్తున లేచినా గణితానికి అభ్యంతరం లేదు. మనిషి మాత్రం అలా ఎత్తడు. ఆ భంగిమనే ఉంచేస్తే, భంగిమ ఒంటికి ఎంత చేటో మార్కులతో చెప్పే, 1993లో వచ్చిన రూలా పద్ధతిలో మార్కు పెరిగి, మంచి పనిచోటు కూడా చెడ్డదిగా తేలుతుంది.

అందుకే చేతులతో కాదు, పాదాలతో మొదలుపెట్టాలి. పాదాలను నేలకు కట్టి, తుంటిని వాటిమీద నిలిపి, శరీర భారం పాదాల మధ్యే పడుతోందో లేదో చూసుకోవాలి. తర్వాతే చేతులు. ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. పెట్టె పిడికి కట్టాల్సింది మణికట్టును కాదు, గుప్పిట నడిమి బిందువును. మణికట్టును కడితే చేయి అందే దూరం మణికట్టు నుంచి గుప్పిట నడిమి దాకా ఉన్న మేర తప్పుతుంది. వేళ్లకు సిద్ధంగా ఉన్న పట్టుల్లో ఒకటి ఎంచుకుని సవరిస్తే చాలు, వాటితో పెద్దగా పేచీ లేదు. చూపును కూడా వస్తువుకు కట్టండి. లేకపోతే బొమ్మ ఎదురుగోడను చూస్తూ బోల్టు బిగిస్తుంది, మెడ వంపు లెక్కలోకే రాదు.

ఇలా కట్టాక పెట్టెను జరిపితే చేతులూ వెంటే వస్తాయి. కానీ తెరమీది పెట్టెకు బరువుండదు. 15 కిలోలని విడిగా చెప్పాలి, ఏ చేతికి ఎంతో పంచాలి. అది మరిచిపోతే నడుము దిగువ వెన్నుపూసల మీద పడే ఒత్తిడి ఎప్పుడూ భేషుగ్గానే కనిపిస్తుంది. పనిచోటు భద్రతను చూసే అమెరికా సంస్థ నియోష్ చెప్పే 3400 న్యూటన్ల హద్దుతో పోల్చుకోవడంలో అప్పుడు అర్థం ఉండదు.

ఒంటి కొలతల సంగతీ అంతే. అమెరికా సైనికుల కొలతల బొమ్మతో మన లైను పరీక్షిస్తే పొట్టి ఆపరేటర్ లెక్కలోంచి జారిపోతారు. భారతీయుల కొలతలతో దేబ్‌కుమార్ చక్రవర్తి పుస్తకాన్ని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లోనే ప్రచురించింది. బొమ్మ సైజు మార్చిన ప్రతిసారీ భంగిమను మళ్లీ మొదటినుంచి చూడాల్సిందే.

ఆఖరున ఒక ఆపరేటర్ చేత ఖాళీ అట్టపెట్టెతో అదే పని చేయించి చూడటం మేలు. తేడా ఎక్కువగా పాదాల దగ్గరే దొరుకుతుంది. మనిషి ఒక అడుగు ముందుకు వేసి ఎత్తుతాడు, మనం బొమ్మకు రెండు పాదాలూ జోడించి నిలబెట్టి ఉంటాం.