గడ్డిమట్టి గోడల సంసారం

భూమిని ఊరక ఇస్తామని ప్రభుత్వం చాటింపు వేస్తే రాని రైతు ఎవడు? 1862వ సంవత్సరం మే 20వ తేదీన అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం అటువంటి చాటింపే. 21 ఏండ్లు నిండినవారు గాని, కుటుంబానికి పెద్ద అయినవారు గాని స్వల్పమైన రుసుము చెల్లించి 160 ఎకరాల ప్రభుత్వ భూమిని కోరుకొనవచ్చును. అక్కడ ఇల్లు కట్టుకొని, అయిదేండ్లు కాపురముండి, సేద్యం చేసినట్లు రుజువు చూపితే పట్టా వారిదే. ఈ చట్టం క్రింద మొత్తం మీద సుమారు 16 లక్షల పట్టాలు జారీ అయినవి. కాని ఆ భూమి నిజంగా ఊరక వచ్చినదేనా? నెబ్రాస్కా రాష్ట్రం నడుమనున్న కస్టర్ జిల్లాలో తొలితరం కుటుంబాలు బ్రతికిన తీరును పరిశీలిస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఆ ప్రాంతం ఎవరూ లేని బయలు కాదు. అడవిదున్నల మందలను వేటాడుతూ, నదుల ఒడ్డున మొక్కజొన్నవంటి పైరులు పండించుకొంటూ పానీ మొదలైన ఆదిమజాతులవారు తరతరాలుగా ఆ రాష్ట్రంలో నివసించినారు. 1870 తరువాతి కొద్ది సంవత్సరాలలోనే పానీజాతివారు తమ కడపటి భూములను కూడ విడిచి, దక్షిణాన ఈనాటి ఓక్లహోమాకు తరలిపోవలసి వచ్చినది. ఊరక వచ్చిన భూమికి మొదటి వెల చెల్లించినవారు వారే.

వారి వెనుక పశుసంపన్నులు వచ్చినారు. కంచె లేని పచ్చికబయళ్ళలో వేలకొలది పశువులను వదలి పెంచినారు. నాగలితో రైతు రాగానే కలహం తప్పలేదు. పశువులను దొంగిలించినారన్న ఆరోపణతో మొదలైన తగాదాలో, 1878లో ప్రింట్ ఆలివ్ అనే పశుసంపన్నుని ముఠా కస్టర్ జిల్లాలో ఇద్దరు రైతులను ఉరితీసినది. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముండ్లతీగకు పేటెంటు పొందిన తరువాత, కలప లేని దేశంలో సైతం చేనికి కంచె సాధ్యమైనది. క్రమంగా బయలు చేలుగా చీలిపోయినది.

కలప లేదనుటలో అతిశయోక్తి లేదు. కనుచూపు మేర గడ్డియే గాని చెట్టు కానరాదు. అందుచేత రైతు ఆ నేలనే ఇల్లుగా మలచుకొన్నాడు. గడ్డివేళ్ళు పెనవేసుకొన్న మట్టిని నాగలితో పొడుగాటి పట్టెలుగా చీల్చి, పారతో పెళ్లలుగా నరికి, గడ్డివైపు క్రిందికి వచ్చేటట్లు పేర్చి, రెండు మూడడుగుల మందపు గోడలు లేపేవారు. ఆ ఇల్లు వేసవిలో చల్లన, శీతకాలంలో వెచ్చన. కాని వాన వచ్చినదంటే పైకప్పు కారేది. బయట వాన వెలిసినా లోపల బురదచుక్కలు పడుతూనే ఉండేవి. వంటపాత్రలో మట్టి రాలకుండ ఇల్లాలు కప్పు క్రింద గుడ్డ కట్టేది. గోడల సందులలో ఎలుకలు, పాములు కాపురం చేసేవి.

వంటచెరకు లేని ఆ దేశంలో పొయ్యి మండించినవి పిడకలే. మన పల్లెలలో ఏరుపిడకలని దేనిని అంటామో, బయళ్ళలో ఎండిన ఆ పశువుల పేడనే పిల్లలు గోనెలతో ఏరి తెచ్చేవారు. అవి చాలకపోతే ఎండుగడ్డిని మెలిపెట్టి తాళ్ళవలె చేసి కాల్చేవారు. మెట్టనేలలో నీరు ఎంతో లోతున ఉండెడిది. బావి త్రవ్వి గాలిమర నిలిపేదాక నీటిని పీపాలకెత్తి బండ్లమీద తోలుకొనవలసినదే. పైరు చేతికి రాని ఏడు, ఇల్లాలు అమ్మిన వెన్న, గ్రుడ్లే సంసారాన్ని గట్టెక్కించేవి. పాలు పితకడం మొదలు పశువులను కాయడం వరకు పిల్లలకు వయసుకొక పని.

ఇంతటి చాకిరీ చేసిన ఇల్లాలికి చట్టంలో చోటెక్కడ? అవివాహితకు, వితంతువుకు తన పేరిట భూమి కోరే హక్కు ఉన్నది. భర్తతో కాపురం చేసే స్త్రీకి సాధారణంగా లేదు. ఆమె చెమట ఎంత ఇంకినా పట్టా భర్త పేరనే. ఆ హక్కును చక్కగా వినియోగించుకొన్నవారు కస్టర్ జిల్లాలోని క్రిస్మన్ సోదరీమణులు. తండ్రి పశువుల పెంపకందారు, కుమార్తెలు నలుగురు. వారిలో లిజ్జీ 1887లో, లూటీ మరుసటి ఏడు తమ తమ పేర్లతో భూమి కోరినారు. చిన్నవారు ఈడు వచ్చేదాక ఆగవలసి వచ్చినది. నివాసపు నిబంధన నెరవేరేటందుకు ఒకరి ఇంట ఒకరు వంతులవారీగా తోడుండేవారు.

ఈ సంసారాలలో చదువుకు తావుండెనా అని ఉపాధ్యాయులు అడుగుదురు. ఉండెను. ప్రభుత్వం సర్వే చేసిన ప్రతి 36 భాగాల భూమిలో రెండు భాగాలను బడులకై కేటాయించినారు. తొలి బడులు కూడ చాలవరకు మట్టిపెళ్లల ఇండ్లే. పంతులమ్మ తరచుగా ఇరువది ఏండ్లు నిండని యువతి. అట్టి బడులకు కఠోరపరీక్ష 1888వ సంవత్సరం జనవరి 12వ తేదీన వచ్చినది. ఆ ఉదయం వాతావరణం శీతకాలానికి వింతగా వెచ్చగా ఉండుటచే పిల్లలు పలుచని దుస్తులతోనే బడికి పోయినారు. పగటివేళనే మంచుతుపాను హఠాత్తుగా విరుచుకుపడినది. చాచిన చేయి తనకే కనిపించనంత మంచుధూళి. దారి తప్పి ఎందరో పిల్లలు బయళ్ళలో గడ్డకట్టి మరణించినారు. మొత్తం మృతులు 235 మంది అని సాధారణంగా చెప్పే లెక్క. కస్టర్‌కు పొరుగునున్న వ్యాలీ జిల్లాలో మిన్నీ ఫ్రీమన్ అనే పంతులమ్మ, బడి పైకప్పు గాలికి లేచిపోగా, పిల్లలనందరిని వెంటబెట్టుకొని తుపానుకు ఎదురు నడచి, ఒక రైతు ఇంటికి క్షేమంగా చేర్చినది.

తుపాను పోయినా కరువు పోలేదు. 1890 మొదలు కొన్నేండ్లు అనావృష్టి పీడించినది. 1894లో పైరులు నిలువున మాడినవి. ఎన్నో కుటుంబాలు బండ్లు కట్టుకొని వచ్చిన దారినే వెనుకకు మళ్ళినవి. ఆ పొడినేలలో పశువులు పెంచే సంసారానికి 160 ఎకరాలు చాలవని ప్రభుత్వం ఆలస్యంగా గ్రహించి, 1904లో కింకెయిడ్ చట్టం ద్వారా నెబ్రాస్కా పశ్చిమ, వాయవ్య భాగాలలో 640 ఎకరాల వరకు ఇచ్చినది. అప్పటికి ఎందరి యౌవనమో ఆ గడ్డిలో కలిసిపోయినది.

ఈ జీవితం నేడు మన కన్నులకు కట్టుటకు కారణం సాలమన్ బుచర్ అనే ఛాయాచిత్రకారుడు. అతడు కూడ అక్కడ భూమి కోరి, ఆ శ్రమకు తాళలేక కొద్దికాలానికే విడిచినవాడే. 1886లో బండి కట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతూ సంసారాలను చిత్రాలలో నిలుపసాగినాడు. ఇంటిముందు ఆలుబిడ్డలు, గుర్రాలు, ఆవులు, పుచ్చకాయలు, తమకు కలిగినదంతా బారులు తీరి కనబడుతుంది. ఒక ఇల్లాలు మాత్రం తన మట్టి ఇల్లు దూరదేశపు బంధుమిత్రుల కంటబడరాదని, ఇంటిలోని ఆర్గాన్ వాద్యాన్ని ఆరుబయటికి మోయించి, దాని ప్రక్కన కుటుంబంతో నిలిచి చిత్రం తీయించుకొన్నది.

ఆ చిత్రాన్ని చూచి నవ్వకూడదు. ఆర్గాన్ ఆమె మానం. చిత్రంలో కనబడని ఆ ఇల్లు ఆమె శ్రమ. పట్టా కాగితం మీద రెండింటిలో ఏదీ వ్రాయబడలేదు. విద్యార్థులకు వలసల చరిత్ర బోధించే వేళ ఎకరాల లెక్కతో పాటు, పిడకలు ఏరిన ఆ చేతుల లెక్కను, నేల విడిచిపోయిన ఆ జాతుల లెక్కను కూడ చెప్పితే గాని పాఠం పూర్తి కాదు.