చీపురు పట్టిన చేతికి ‘ఉద్యోగ సంతృప్తి’ అంటే ఏమిటి?

ఆఫీసుల్లో, కంపెనీల్లో, కాలేజీ సెమినార్లలో ‘ఉద్యోగ సంతృప్తి’, ‘పని ఒత్తిడి’, ‘ఉద్యోగి సంక్షేమం’ అనే మాటలు తెగ వినబడుతున్నాయి. వీటికి ప్రశ్నాపత్రాలున్నాయి, కొలబద్దలున్నాయి, వీటి మీద డాక్టరేట్లు కూడా వస్తున్నాయి. మాటలు చెడ్డవేం కావు. అయితే ఈ కొలతలు ఎవరి ఒంటికి తీసినవి? తెల్లారకముందే రోడ్డెక్కి ఊడ్చే మాదిగ స్త్రీకి, కోస్తా పట్టణాల్లో తరతరాలుగా పారిశుద్ధ్యానికే కట్టిపడేసిన రెల్లి కార్మికుడికి ఇవి సరిపోతాయా? ఈ ప్రశ్న వేసుకోకుండా పరిశోధన మొదలుపెడితే జవాబు తప్పే వస్తుంది.

ఈ శాస్త్రంలో ఎక్కువగా చెప్పుకునే పేరు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్. ఆయన, ఆయన సహచరులు అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో పుస్తకం వేశారు. సాధించామన్న భావన, గుర్తింపు, పనిలోని ఆసక్తి, బాధ్యత, ఎదుగుదల మనిషికి సంతృప్తినిస్తాయన్నారు. జీతం, పైఅధికారి తీరు, పనిచోటు పరిస్థితులు బాగుంటే అసంతృప్తి పోతుందే గానీ వాటివల్ల సంతృప్తి రాదన్నారు. ఈ రెండో రకానికి ఆయన పెట్టిన పేరు ‘పారిశుద్ధ్య అంశాలు’. పారిశుద్ధ్యం రోగాన్ని ఆపుతుంది గానీ ఆరోగ్యాన్ని పుట్టించదని పోలిక. ఊరికంతా ఆ పారిశుద్ధ్యం అందించే మనిషి సంగతేమిటన్నది ఆ సిద్ధాంతం చూపులోకి రాలేదు. ఆ ఇంజనీరు తన పనిని తాను ఎంచుకున్నాడు, నచ్చకపోతే మానుకుంటాడు. ఎంచుకునే హక్కు ఉన్నవాడి మీదే ఆ లెక్కంతా నడిచింది.

హెర్జ్‌బర్గ్ కంటే 23 ఏళ్ల ముందే, 1936లో, అంబేద్కర్ ‘కులనిర్మూలన’లో అసలు కిటుకు పట్టుకున్నారు. కులం అంటే ఉత్త పని విభజన కాదు, పనిచేసేవాళ్లనే మెట్లుమెట్లుగా విడదీయడం అన్నారు. పుట్టుకతో నెత్తిన పడ్డ పనిలో మనిషి ఇష్టానికి చోటుండదు. నీచమని లోకం ముద్రవేసిన పని చేసేవాడికి దానిమీద మనసుండదు, ఎప్పుడెప్పుడు తప్పించుకుందామా అనిపిస్తుంది. మనసూ బుద్ధీ లేని పనిలో సామర్థ్యం ఎక్కడినుంచి వస్తుందని ఆయన అడిగారు. ఉద్యోగ సంతృప్తి గురించి ఈ దేశంలో వేసిన గట్టి ప్రశ్న ఇది. మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో ఎంతమంది విద్యార్థులకు ఇది కనబడుతుంది? అదే 1936లో గాంధీ ‘హరిజన్’ పత్రికలో ఆదర్శ భంగీ ఎలా ఉండాలో రాశారు. ఒకరు పనిని పవిత్రం చేయాలని చూశారు, ఇంకొకరు పనికీ పుట్టుకకూ ఉన్న ముడి తెంచాలన్నారు. ఇవాళ్టికీ సంక్షేమం పేరుతో జరిగే సన్మానాలు, శాలువాలు మొదటి దారివే.

ముడి తెగిందా? మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ల వివరాలు కేంద్ర ప్రభుత్వం సేకరించింది. 2024లో బయటికొచ్చిన లెక్క ప్రకారం, అప్పటికి నమోదైన సుమారు 38 వేల మందిలో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీలే. ఒక్క ఎస్సీలే 69 శాతం దాకా ఉన్నారు. ఇది ఉద్యోగాల బజారులో ఎవరికి వారు ఎంచుకోగా వచ్చిన లెక్కంటే నమ్మేదెవరు?

ఇక ఒత్తిడి. ఒత్తిడి అనగానే మనిషి మనసులో ఏదో బలహీనత ఉందనుకోవడం అలవాటైపోయింది. ధ్యానం చెయ్యి, గాలి పీల్చు అంటారు. కానీ ఈ రంగంలో మంచి పరిశోధనలు చెప్పింది వేరు. 1979లో రాబర్ట్ కరసెక్ రెండు సంగతులు కలిపి చూడమన్నాడు. ఒకటి పని భారం, రెండోది ఆ పనిమీద కార్మికుడి అదుపు. భారం ఎక్కువై అదుపు తక్కువైన చోటే ఒత్తిడి ముదురుతుంది. ఊడ్చేవాళ్ల దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఎంత రోడ్డు ఊడ్వాలో, ఎన్నింటికి రావాలో, ఎప్పుడు సెలవో అన్నీ మేస్త్రీ, కాంట్రాక్టరు చేతిలోనే. చండీగఢ్, నాగపూర్ లాంటి నగరాల్లో కార్మికుల చేతికి జీపీఎస్ గడియారాలు కూడా కట్టారు. మనిషి ఎక్కడున్నాడో యంత్రం చెబుతుంది గానీ, మూత్రానికి వెళ్లే చోటు లేక ఆమె నీళ్లు తాగకుండా ఉందని చెప్పదు.

1996లో పరిశోధకుడు యోహానెస్ సీగ్రిస్ట్ ఇంకో మాట అన్నాడు. మనిషి పెట్టే శ్రమకు తగ్గ ఫలితం దక్కకపోతే గుండెజబ్బుల దాకా పోతుంది. ఫలితమంటే ఆయన లెక్కలో మూడు: డబ్బు, గౌరవం, ఉద్యోగ భద్రత. మన కార్మికురాలికి మూడూ లేవు. డబ్బు, పర్మినెంటు కార్మికుడితో సమానంగా రాదు. భద్రత, కాంట్రాక్టు ఉన్నంతవరకే. గౌరవాన్ని కులం ముందే లాగేసుకుంది. మంచినీళ్లు అడిగితే పైనుంచి దోసిట్లో పోసే ఇంటి ముందు ఆమె రోజూ ఊడుస్తోంది. ఈ మూడో లోటు జీతం పెంచినంత మాత్రాన తీరేది కాదు.

చావు భయం సంగతి సరేసరి. మనుషులచేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. 1993 నుంచి మురుగుకాల్వల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ 2014 తీర్పు సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులోది. దాని నాయకుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల ప్రాంతంలో పారిశుద్ధ్య పనివాళ్ల ఇంట్లో పుట్టిన తెలుగువాడు. పరిహారం పెరిగింది, సరే. మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషి కులం మారిందా?

ఇప్పుడు ప్రశ్నాపత్రం పట్టుకుని వెళ్లే విద్యార్థి సంగతి చూద్దాం. “మీ పనితో సంతృప్తిగా ఉన్నారా?” అని మేస్త్రీ పక్కనుండగా అడిగితే “ఆఁ, బానే ఉంది సారూ” అనే వస్తుంది. అది సంతృప్తి కాదు. పని పోతుందన్న భయం కావచ్చు, ఇంకే దారీ లేదన్న లెక్క కావచ్చు. ఆ జవాబుకు అంకెవేసి ‘70 శాతం సంతృప్తి’ అని రాస్తే, పర్మినెంటు చేయనవసరం లేదనడానికి యాజమాన్యం చేతికి మనమే కాయితం ఇచ్చినట్టు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ పని మీ బిడ్డ చేయాలనుకుంటారా? మానేస్తే ఇంకేం పని దొరుకుతుంది? జబ్బు పడిన రోజు కూలి ఎవరిస్తారు? మీ పేరు పెట్టి పిలుస్తారా, చెత్తామె అంటారా? వీటిని మేస్త్రీ లేనిచోట, కార్మికుల వాడలో కూర్చుని అడగాలి.

మందేమిటో కార్మికులే చెబుతున్నారు. 2023 డిసెంబరు చివరినుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ కార్మికులు సమ్మె చేసింది యోగా క్లాసుల కోసం కాదు. పర్మినెంటు చేయండి, సమాన పనికి సమాన వేతనమివ్వండి అన్నారు. తాత్కాలిక ఉద్యోగులకూ ఈ సూత్రం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. కరసెక్ చెప్పిన అదుపు, సీగ్రిస్ట్ చెప్పిన భద్రత ఈ కోరికల్లోనే ఉన్నాయి. వాటితోపాటు అంబేద్కర్ చెప్పింది కూడా జరగాలి. ఆ పని వదిలి ఇంకో పనికి పోయే దారి పిల్లలకే కాదు, ఇవాళ చీపురు పట్టుకున్న తల్లికి కూడా తెరుచుకోవాలి. వద్దనుకునే హక్కు లేనిచోట ‘సంతృప్తి’ని కొలవడం కుదరదు.