పులిని లెక్కపెట్టేదెలా?

పులుల్ని వరసలో నిలబెట్టి హాజరు వెయ్యడం మన వార్డెన్ సారు వల్ల కూడా కాదు. మరి 2022 లెక్కలో మన దేశంలో సుమారు 3,682 పులులున్నాయని ఎలా చెప్పారు?

పూర్వం అడుగుజాడల్ని బట్టి చెప్పేవారు. జాడ మీద గాజు పలక పెట్టి గీసుకునేవారు, లేదా ప్లాస్టర్ పోసి అచ్చు తీసేవారు. కానీ జాడ బురదలో ఒకలాగ, ఇసుకలో ఒకలాగ పడుతుంది. ఒక్క పులే రెండు పులులయ్యేది. రాజస్థాన్‌లోని సరిస్కా అడవిలో కాగితం మీద పులులు ఉంటూనే ఉన్నాయి. తీరా 2005లో చూస్తే ఒక్కటీ లేదు! వేటగాళ్లు చంపేశారు.

ఇప్పుడు చెట్లకు కెమెరాలు కడుతున్నారు. దారికి అటొకటి ఇటొకటి, సుమారు మోకాలి ఎత్తున. ఒంట్లో వేడి ఉన్న జంతువు ఎదురుగా కదిలితే చాలు, దానంతటదే ఫొటో తీస్తుంది. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగినా తీసేస్తుంది, అందుకని ముందున్న గడ్డి కోసెయ్యాలి. రెండు కెమెరాలు ఎందుకంటే, పులి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒక్కలాగ ఉండవు. మన వేలిముద్రల మాదిరే ఏ పులి చారలు దానివే.

అన్ని పులులూ కెమెరాకు చిక్కవు గదా అంటారా? దానికీ లెక్కుంది. మొదటిసారి 10 పులులు పడ్డాయనుకోండి. రెండోసారి పడిన 10లో 5 పాతవే. అంటే మనం చూసినవి సగమే, మొత్తం 20 దాకా ఉండొచ్చు. అసలు లెక్క ఇంతకన్నా కష్టం గాని, దారి ఇదే. 2018లో 26,838 చోట్ల కెమెరాలు కడితే 3 కోట్ల 48 లక్షల పైచిలుకు ఫొటోలు వచ్చాయి. అందులో పులివి 76,651 మాత్రమే.

మెడకు రేడియో కాలర్ కట్టే పద్ధతి కూడా ఉంది. 2008లో రణథంబోర్ నుంచి ఒక మగపులిని కాలర్ కట్టి హెలికాప్టర్‌లో సరిస్కాకు తెచ్చారు. 2010లో దానికి ఎవరో విషం పెట్టారు, చచ్చిపోయింది. పులి ఎక్కడుందో కాలర్ చెప్తుంది, అంతే.

ఇంకో సంగతి. కెమెరా ఎక్కడ కట్టాలో కెమెరాకు తెలియదు. పులి ఏ దారిన నడుస్తుందో, ఏ కుంటలో నీళ్లు తాగుతుందో తెలిసినవాళ్లు చూపించాలి. నల్లమలలో మా చెంచువాళ్లు బేస్ క్యాంపుల్లో ఉండి అడవంతా తిరిగి కాపలా కాస్తున్నారు. అయితే తేనెకు పోయే మనిషి ఫొటో కూడా పడుతుంది. వాడు వేటగాడా, తేనె కోసం పోయేవాడా అన్నది కెమెరా చెప్పదు. తేనె, చింతపండు తెచ్చుకునే హక్కు మనకు 2006 అటవీ హక్కుల చట్టంలోనే ఉంది. కాబట్టి ఆ ఫొటోలు చూసేచోట మన పెంటల నుంచి చదువుకున్నవాళ్లు ఒకరైనా కూర్చోవాలని నా అభిప్రాయం.

సెలవుల్లో ఇంటికి పోయేటప్పుడు చెట్టుకు చిన్న పెట్టె కట్టి కనబడితే ముట్టుకోకండి. వెక్కిరించినా సరే, ఆ ఫొటో ఆఫీసుకు పోతుంది!