పట్టా - ప్రతిభ

పట్టా లేకపోయినా కంప్యూటరు రంగంలో రాణించవచ్చునా అని మన విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. 1975లో మైక్రోసాఫ్టు సంస్థను నెలకొల్పి, హార్వర్డు చదువును విడిచిపెట్టిన బిల్ గేట్స్‌ను ఉదహరిస్తారు. ఆ మాట నమ్మి చదువు మానదలచిన వారినీ నేనెరుగుదును.

స్టీవ్ వోజ్నియాక్ జీవితాన్ని పరిశీలిద్దాం. ఆయన కుర్రతనంలోనే కంప్యూటర్ల వివరణ పుస్తకాలు చదివి, కాగితంమీద నమూనాలు గీస్తూ ఆ విద్యను స్వయంగా గడించాడు. బర్క్‌లీలో చదువు మధ్యలో ఆపి, 1976లో ఆపిల్ సంస్థ తొలి కంప్యూటరును రూపొందించాడు. కీర్తి, ధనం రెండూ లభించాయి. అయినా మారుపేరుతో మళ్లీ తరగతిలో కూర్చుని, 1986లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాడు. కథలోని ఈ ఉత్తరార్ధాన్ని మనవారు చెప్పుకోరు.

ప్రతిభను పనిలో చూపవచ్చును. కాని ఆ పని దొరకడానికి ముందు, మనలను ఎరుగనివారికి పట్టాయే పరిచయపత్రం. అమెరికావారి హెచ్-1బి వీసాకు సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ కావాలి. అది లేనివారికి మూడేళ్ల అనుభవాన్ని ఒక యేటి చదువుగా లెక్కిస్తారు. అనగా నాలుగేళ్ల చదువుకు పన్నెండేళ్ల అనుభవం సమానమన్నమాట! పలుకుబడిగల బంధువులు లేని పేదయింటి బిడ్డకు ఈ వ్యత్యాసం చిన్నది కాదు.

అట్లని పట్టా ఒక్కటే చాలదు. పాఠ్యప్రణాళిక మారేలోగా ఈ రంగంలో పనిచేసే పద్ధతులే మారిపోతాయి. స్వయంకృషి మానిన పట్టభద్రుడు నిన్నటి పాఠంవద్దనే నిలిచిపోతాడు.

చదువు ఆగిపోయినవారికీ దారి ఉన్నది. 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉద్యోగం చేస్తూ చదువుకొనే వీలు కల్పించింది. కనుక విద్యార్థులారా, స్వయంగా నేర్చుకొనండి, పట్టానూ చేజార్చుకొనకండి.