ఫొటో వెడల్పు 214 కోట్ల పిక్సెల్సా? తప్పు ఫైల్‌ది కాదు!

ఫ్రెండ్స్, ఫొటోల సైజు చదవడానికి ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. బీఎంపీ ఫైల్స్‌తో సూపర్‌గా పనిచేసింది. అదే లాజిక్ పీఎన్‌జీకి కూడా వాడితే, 1920 పిక్సెల్స్ ఉన్న వాల్‌పేపర్‌కి 2,14,79,42,400 అని చూపించింది. ఎర్రర్ కూడా రాలేదు, అసలు ప్రమాదం అదే.

1920ని హెక్స్‌లో 4 బైట్లుగా రాస్తే 00 00 07 80. పీఎన్‌జీ ఇదే వరసలో దాచుకుంటుంది, అంటే బిగ్ ఎండియన్. బీఎంపీలో తిరగేసి 80 07 00 00 ఉంటుంది, అది లిటిల్ ఎండియన్. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు, మన ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా లిటిల్ ఎండియనే. పైథాన్ స్ట్రక్ట్‌కి ఆర్డర్ చెప్పకపోతే మెషీన్ ఆర్డరే తీసుకుంటుంది. అందుకే బీఎంపీతో అదృష్టం కొద్దీ బయటపడ్డాను! ఫార్మాట్ కోడ్ ముందు > పెడితే బిగ్, < పెడితే లిటిల్.

ఫోన్ కెమెరా జేపెగ్‌లలో ఉండే ఎగ్జిఫ్ డేటా ఇంకో టైపు. అది రెండు ఆర్డర్లలోనూ రావచ్చు. దాని మొదట్లో 'ఐఐ' అని ఉంటే లిటిల్, 'ఎంఎం' ఉంటే బిగ్. ముందు ఆ రెండక్షరాలు చూడండి. నేను చూడకుండా వదిలేస్తే, ఓరియెంటేషన్ ట్యాగ్ నంబర్ 274 కాస్తా 4609 అయిపోయింది. ట్యాగ్ దొరకలేదు, నిలువు ఫొటోలన్నీ అడ్డంగా పడుకున్నాయి.