డిజిటల్ మానవీయ శాస్త్రాల ఫెలోషిప్పులు

సాహిత్యం, చరిత్ర, కళలు వంటి మానవీయ శాస్త్రాలలో కంప్యూటర్ సాయంతో సాగే పరిశోధనలకు విశ్వవిద్యాలయాలు ఇచ్చే తోడ్పాటును డిజిటల్ మానవీయ శాస్త్రాల ఫెలోషిప్ అంటారు. ఇది కేవలం ఉపకారవేతనం కాదు. ధనసహాయంతో పాటు బోధన నుండి కొంత విరామం, ప్రోగ్రామర్ల సహకారం, పరికరాలు కూడా ఇందులో భాగం కావచ్చును. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం ఇందుకు తొలినాటి ఉదాహరణలలో ఒకటి.

తొలిదశలో ఎందుకు?

పుస్తకం వ్రాసే పండితుడు అధ్యాయాల క్రమాన్ని చివరిలోనైనా మార్చుకొనగలడు. డిజిటల్ పరిశోధనలో అలా కుదరదు. సమాచారాన్ని ఏ రూపంలో నమోదు చేయాలో ముందే నిర్ణయించాలి. ఆ నిర్ణయం తప్పయితే వేలాది పుటలను తిరిగి సరిచేయవలసి వస్తుంది. అందువలన చిన్న నమూనాను తయారు చేసి, పరీక్షించి, అవసరమైతే విడిచిపెట్టే స్వేచ్ఛ పరిశోధకునికి ఉండాలి. ఫెలోషిప్ ఇచ్చే అసలు ప్రయోజనం ఇదే.

వర్జీనియా అనుభవం

1992లో ఐ.బి.ఎం. సహాయంతో ఈ విశ్వవిద్యాలయంలో మానవీయ శాస్త్రాల ఉన్నత సాంకేతిక సంస్థ ఏర్పడింది. చరిత్రకారుడు ఎడ్వర్డ్ ఎయర్స్, సాహిత్య విమర్శకుడు జెరోమ్ మెక్‌గన్ దీని మొదటి ఫెలోలు.

ఎయర్స్ మొదట పుస్తకంగా తలపెట్టిన పరిశోధన 'వ్యాలీ ఆఫ్ ది షాడో' అనే డిజిటల్ భాండాగారంగా రూపొందింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఉత్తరాదికి చెందిన ఫ్రాంక్లిన్ కౌంటీ, దక్షిణాదికి చెందిన ఆగస్టా కౌంటీ ప్రజల ఉత్తరాలు, దినచర్యలు, వార్తాపత్రికలు, జనగణన పత్రాలు ఇందులో ఉన్నాయి. రెండు పక్షాల సామాన్యుల జీవితాన్ని పాఠకుడు స్వయంగా పోల్చి చూడవచ్చును.

మెక్‌గన్ ఆంగ్ల కవి, చిత్రకారుడు డాంటే గేబ్రియల్ రొసెట్టి (1828–1882) రచనలను, చిత్రాలను ఒకచోట చేర్చారు. ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. వారు వాడిన ఎస్.జి.ఎం.ఎల్. అనే మార్కప్ పద్ధతిలో ప్రతి భాగమూ మరొక భాగంలో పూర్తిగా ఇమడాలి. కాని పద్యం ఒక పుట మధ్యలో మొదలై మరొక పుటలో ముగియవచ్చును. పద్యాన్ని ప్రమాణంగా తీసుకుంటే పుట విరుగుతుంది, పుటను తీసుకుంటే పద్యం విరుగుతుంది. ఈ చిక్కు వలన 'గ్రంథపాఠం అంటే ఏమిటి' అనే ప్రశ్న పండితుల ముందుకు కొత్తగా వచ్చింది. 1993లో మొదలైన ఈ భాండాగారం 2008లో పూర్తయింది.

విద్యార్థులకు

ఇదే విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని స్కాలర్స్ ల్యాబ్ 2011లో ప్రాక్సిస్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇందులో వివిధ శాఖల పరిశోధక విద్యార్థులు ఒక జట్టుగా ఏర్పడి, తమ నియమావళిని తామే వ్రాసుకొని, ఒకే ప్రాజెక్టును నిర్మిస్తారు. మొదటి జట్టు 'ప్రిజమ్' అనే ఉపకరణాన్ని తయారు చేసింది. ఒకే పాఠంలోని పదాలను పలువురు పాఠకులు రంగులతో గుర్తించగా, వారి అభిప్రాయాలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో అది చూపేది.

పరిమితులు

ఫెలోషిప్ గడువుతో ముగుస్తుంది, డిజిటల్ కృతికి మాత్రం నిరంతర పోషణ కావాలి. అచ్చుపుస్తకం బీరువాలో ఉన్నా నిలుస్తుంది. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా డిజిటల్ భాండాగారాన్ని కూడా మార్చాలి. రొసెట్టి భాండాగారాన్ని సైతం తరువాత ఎక్స్.ఎం.ఎల్. రూపంలోకి మార్చవలసి వచ్చింది. కనుక ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసే విద్యార్థి తన ప్రణాళికలో 'ఏమి నిర్మిస్తాను' అన్నదానితో పాటు, 'తరువాత దీనిని ఎవరు కాపాడతారు' అన్న ప్రశ్నకు కూడా సమాధానం వ్రాయడం మంచిది.